ప్రజారోగ్య పరిశోధనలోకి రావాలనుకునే వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ, నర్సింగ్, ఎంబీబీఎస్ చదువుతున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. కొన్నింటికి కాస్త ఓపిగ్గా చెప్పాలి.

డాక్టరు చేసే పనికీ, ప్రజారోగ్య పరిశోధకులు చేసే పనికీ తేడా ఏమిటి?

డాక్టరు ఎదురుగా ఒక మనిషి కూర్చుంటాడు. అతని బాధ తగ్గించడం డాక్టరు పని. అదే బాధతో ఒకే ఊరి నుంచి ఇంతమంది ఎందుకు వస్తున్నారు, పక్క ఊరి నుంచి ఎందుకు రావడం లేదు అని వెతకడం మా పని.

ఫ్లోరోసిస్ సంగతే తీసుకోండి. ఈ జబ్బు గురించి మన దేశంలో తొలి వైద్య నివేదికలు 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి వచ్చాయి. ఆ తర్వాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది. వంకరపోయిన కాళ్లను మళ్లీ మామూలుగా చేసే మందు ఏ డాక్టరు దగ్గరా లేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో ఊరూరా కొలిచినవాళ్లు, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో దాన్ని తగ్గించే 'నల్లగొండ పద్ధతి' తయారు చేసిన నాగ్‌పూర్ నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) ఇంజనీర్లు, ఆ తర్వాత నది నీళ్లు పైపుల్లో ఇంటింటికీ తెచ్చినవాళ్లు, వీళ్లందరి వల్లే తర్వాతి తరం పిల్లలకు ఆ ముప్పు తగ్గింది. అందుకే ఈ రంగంలో డాక్టర్ల పక్కన ఇంజనీర్లు, ఆర్థికవేత్తలు, సోషల్ వర్క్ చదివినవాళ్లు కూడా ఉంటారు.

నేను ఎంబీబీఎస్ చదవలేదు. నాకు చోటు ఉందా?

ఉంది. ఎంపీహెచ్ అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్. మామూలుగా రెండేళ్ల కోర్సు. బీడీఎస్, నర్సింగ్, ఫార్మసీ, ఆయుర్వేదం, హోమియో, లైఫ్ సైన్సెస్, స్టాటిస్టిక్స్, సోషల్ వర్క్ చదివినవాళ్లు ఇందులో చేరుతుంటారు. ఎవరికి అర్హత ఉందన్నది ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి అప్లై చేసే ముందు నోటిఫికేషన్ చదవండి. ఒక్క మాట ముందే చెప్పాలి. ఎంపీహెచ్ చదివితే వైద్యం చేసే హక్కు రాదు. 'చివరికి క్లినిక్ పెట్టుకోవచ్చుగా' అనుకుని ఎవరూ ఇటు రావొద్దు.

మరి ఎంబీబీఎస్ చదివినవాళ్లు ఎండీ కమ్యూనిటీ మెడిసిన్ చేయాలా, ఎంపీహెచ్ చేయాలా?

మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పాలనుకుంటే ఎండీ. అది మూడేళ్లు. పరిశోధన సంస్థలు, అంతర్జాతీయ సంస్థలు, ప్రభుత్వ ఆరోగ్య పథకాల వైపు వెళ్లాలనుకుంటే ఎంపీహెచ్ సరిపోతుంది. కమ్యూనిటీ మెడిసిన్‌నే పాత పేరుతో ఎస్‌పీఎం అంటారు. 'ఎస్‌పీఎం తీసుకున్నావా, ర్యాంకు రాలేదా' అనే బంధువులు ఎప్పుడూ ఉంటారు. ఇష్టపడి ఈ సబ్జెక్టు తీసుకున్న పిల్లలు ఆ మాటకు బాధపడడం చూస్తే నాకు కోపం వస్తుంది. కోవిడ్ సమయంలో జిల్లాల్లో లెక్కలు కట్టి, ఏ మండలంలో ఎన్ని పడకలు కావాలో చెప్పినవాళ్లలో ఈ ఎస్‌పీఎం డాక్టర్లు ఎంతోమంది ఉన్నారు.

ఎక్కడ చదవాలి?

మన దేశంలో ప్రజారోగ్యం చెప్పే పాత సంస్థ కోల్‌కతాలోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్. 1932లో మొదలైంది. ఎంపీహెచ్ కోర్సుల్లో ముందుగా పేరు తెచ్చుకున్నది తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలోని అచ్యుత మేనన్ సెంటర్, 1997 నుంచి నడుపుతోంది. చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ (ఎపిడెమియాలజీ అంటే జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తాయో తేల్చే శాస్త్రం), ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), ఢిల్లీ జేఎన్‌యూ, చండీగఢ్ పీజీఐ కూడా మంచి చోట్లే.

హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ 2008లో వచ్చింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఎంపీహెచ్ ఉంది. పోషకాహారం మీద ఆసక్తి ఉంటే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, వైపు చూడండి. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకు ఒక చిన్న విభాగంగా మొదలై, 1950ల చివర్లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ అది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగ్ చూడకండి. రెండు ప్రశ్నలు అడగండి. విద్యార్థులు ఎన్ని వారాలు ఊళ్లలో పనిచేస్తారు? డేటా విశ్లేషణ సొంత చేతులతో చేయిస్తారా, లేక స్లైడ్లు చూపించి వదిలేస్తారా? ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పలేని చోట ఫీజు కట్టొద్దు.

పీహెచ్‌డీకి ఎలా వెళ్లాలి? స్టైపెండ్ ఎంత?

యూజీసీ నెట్‌లో 'సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్' అనే సబ్జెక్టు ఉంది. చాలామందికి ఈ సంగతే తెలీదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) జేఆర్‌ఎఫ్‌కు, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు, ఎలా ఎంపిక చేస్తుందో దాని నోటిఫికేషన్‌లో చూడండి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాతి మెట్టైన ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000. ఇంటి అద్దె అలవెన్సు అదనం. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠంగా ఆరేళ్లు. పీహెచ్‌డీ తర్వాత సొంతంగా పరిశోధన చేయాలనుకునే వాళ్లకు ఇండియా అలయన్స్ అనే సంస్థ ఇచ్చే ఫెలోషిప్‌లు ఉన్నాయి. దాని ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది.

గైడ్‌ని ఎంచుకోవడం టాపిక్‌ని ఎంచుకోవడం కన్నా ముఖ్యం. ఆయన దగ్గర ఇప్పటికే చేస్తున్న ఇద్దరు ముగ్గురు స్కాలర్లతో టీ తాగుతూ మాట్లాడండి. వాళ్ల మొహాలు చూస్తేనే సగం తెలిసిపోతుంది.

ఫీల్డ్‌లో రోజంతా ఏం చేస్తారు?

ఉదాహరణకి ఆహార సర్వే. ముందురోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఇంట్లో ఎవరెవరు ఏం తిన్నారో అడుగుతాం. 'పప్పు ఎంత వండారమ్మా?' అంటే 'కొంచెమే' అంటారు. ఆ కొంచెం ఎంతో తేల్చడానికే సంచిలో కొలత గిన్నెలు, గరిటెలు తీసుకెళ్తాం. కందిపప్పు ఏ గ్లాసుతో పోశారు, ఉడికాక గిన్నెలో ఎక్కడిదాకా వచ్చింది, అదే గిన్నెలో అక్కడిదాకా నీళ్లు పోసి చూపించండి అని అడుగుతాం. తర్వాత ఎవరి కంచంలో ఎన్ని గరిటెలు పడ్డాయో ఒక్కొక్కరిదీ రాసుకుంటాం. ఇంటాయన, పిల్లలు, అత్తగారు, అందరి లెక్కా వస్తుంది. వండినావిడ వంతు అడిగితే మాత్రం ఏ ఊళ్లోనైనా వినిపించే జవాబు ఒకటే: 'అందరూ తిన్నాక మిగిలింది వేసుకున్నా.' ఆ మిగిలింది ఎన్ని గరిటెలో ఆవిడతోనే చెప్పించి రాయాలి. అక్కడ తొందరపడి అంచనా రాసేస్తే సర్వే మొత్తం దండగ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఈ అంకె క్లాసులో చదివినప్పుడు పెద్దగా ఏమీ అనిపించదు. నాలుగైదు వంటిళ్లలో కూర్చుని గరిటెలు లెక్కపెట్టాక అదే అంకె వేరుగా కనిపిస్తుంది.

ఇంకో పని ఉంది, అది కష్టం. వెర్బల్ అటాప్సీ. ఊళ్లలో చాలా చావులు ఇంట్లోనే జరుగుతాయి, కారణం ఏ రికార్డులోనూ ఉండదు. చనిపోయినవాళ్ల ఇంటికి వెళ్లి కూర్చుని, ఆఖరి రోజుల్లో ఏం జరిగిందో వరసగా అడగాలి. ఆయాసం ఎప్పుడు మొదలైంది, ఛాతీ నొప్పి వచ్చిందా, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయా, అంతకుముందు బీపీ, షుగర్ ఉన్నాయా అని. చెప్తూ చెప్తూ ఏడుస్తారు. అప్పుడు పెన్ను కింద పెట్టి ఊరుకోవాలి. కావాలంటే ఇంకో రోజు రావాలి. 2000ల మొదట్లో గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో ఇలాగే అడిగి చావుల కారణాలు తేల్చారు. దాదాపు మూడింట ఒక వంతు చావులకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని బయటపడింది. పల్లెల్లో జనం అంటురోగాలతోనే పోతారు, గుండెపోటు పట్నం వాళ్ల జబ్బు అన్న నమ్మకాన్ని ఆ ఇళ్లలోని మనుషులు చెప్పిన మాటలే కదిలించాయి.

పరిశోధనకు మంచి ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది?

అందరూ పాత పేపర్లు తిరగేసి వెతుకుతారు. అదీ కావాలి. కానీ గట్టి ప్రశ్నలు ఎక్కువగా జనం దగ్గరే దొరుకుతాయి.

మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్ రెండు ఊళ్లలోని ఆడవాళ్లను పరీక్షించి 1989లో ఫలితాలు ప్రచురించారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. వాళ్లలో చాలా కొద్దిమందే అంతకుముందు దానికోసం డాక్టర్ని చూశారు. అప్పటిదాకా పల్లెటూరి ఆడవాళ్ల ఆరోగ్యం అంటే ప్రభుత్వాల దృష్టిలో గర్భం, కాన్పు, కుటుంబ నియంత్రణ, అంతే. ఆ ఆడవాళ్లు ఏళ్ల తరబడి తమలో తాము దాచుకున్న బాధను ఎవరూ అడగలేదు.

మన దగ్గర ఎదురుగా కనిపిస్తున్న ప్రశ్న ఒకటి చెప్తాను. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్‌లే. దేశం మొత్తం మీద 21.5 శాతం. ఎందుకు? ముహూర్తం చూసి కోయించుకునే కుటుంబాలు ఎన్ని, నొప్పులకు భయపడి అడిగేవాళ్లు ఎంతమంది, రాత్రిపూట మత్తు డాక్టరు దొరకడని ముందే పగలు ఆపరేషన్ చేసేస్తున్న ఆసుపత్రులు ఎన్ని, మొదటిది సిజేరియన్ అయినందుకు రెండోదీ అదే దారి పట్టినవి ఎన్ని? ఒక్కోదానికీ మందు వేరు. కారణాల వాటాలు తేలకుండా 'సిజేరియన్లు తగ్గించండి' అని సర్క్యులర్ పంపితే ఒత్తిడంతా డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు మీద పడుతుంది.

'మీరొస్తారు, రాసుకుపోతారు, మాకేంటి?' అని ఊరి వాళ్లు అడిగితే ఏం చెప్పాలి?

ఈ ప్రశ్న ముందు తల వంచాలి. ఎందుకంటే వాళ్లు అడిగేది న్యాయం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి తోటల నడుమ పచ్చగా ఉండే ఊళ్లు. అక్కడ ఏళ్లుగా కిడ్నీలు పాడై మనుషులు పోతున్నారు. బీపీ, షుగర్ లేనివాళ్లకు కూడా జబ్బు వస్తోంది. నీళ్లు, మట్టి, రక్తం, మూత్రం పట్టుకెళ్లిన బృందాలు ఎన్నో. ఖచ్చితమైన కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కారణం తేలకపోవడం సైన్స్‌లో తప్పు కాదు. కానీ రక్తం ఇచ్చిన మనిషికి 'నీ క్రియాటినిన్ ఇంత ఉంది, ఇక నువ్వు నొప్పి మాత్రలు మింగకు, ఫలానా చోట చూపించుకో' అని చెప్పకుండా వెళ్లిపోతే అది తప్పే. పెద్ద తప్పు.

నా దగ్గరికి వచ్చే విద్యార్థులకు నేను పెట్టే షరతు ఇది: పరీక్ష చేసిన ప్రతి మనిషికీ అతని ఫలితం ముందు అందాలి, ఊరి మొత్తం ఫలితం ఆ ఊళ్లోనే తెలుగులో చెప్పాలి, జర్నల్‌కు పంపడం ఆ తర్వాత. దానికయ్యే ఖర్చు, రోజులు ప్రాజెక్ట్ బడ్జెట్‌లో మొదటే రాసుకోవాలి. చివర్లో డబ్బు మిగిలితే చూద్దాం అనుకుంటే ఆ పని ఎప్పటికీ జరగదు.

ఊరి సమావేశంలో ఫలితాలు చెప్పినప్పుడు ఇంకో లాభం ఉంది. 'మీరు లెక్కేసింది బానే ఉంది, కానీ పొగాకు గ్రేడింగ్ రోజుల్లో మా ఆడవాళ్లెవరూ ఇంట్లో ఉండరు, మరి మీరెవర్ని అడిగారు?' అని వెనక వరసలోంచి ఒక ప్రశ్న వస్తుంది. అలాంటి ప్రశ్న జర్నల్ రివ్యూయర్‌కి కూడా తట్టదు.

ఎథిక్స్ కమిటీ అనుమతి ఎందుకు? ప్రశ్నలేగా అడిగేది?

మనుషుల మీద చేసే పరిశోధన న్యాయంగా ఉందో లేదో ముందే చూసేదే ఎథిక్స్ కమిటీ. ఖమ్మం జిల్లాలో జరిగింది తెలుసుకుంటే ఈ ప్రశ్న రాదు. 2009లో భద్రాచలం సహా కొన్ని మండలాల్లో సుమారు 14 వేల మంది అమ్మాయిలకు హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం మొదలైంది. ఆశ్రమ హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లల తల్లిదండ్రులను అడగాల్సిన చోట వార్డెన్లు సంతకాలు పెట్టారని విచారణలో బయటపడింది. 2010 ఏప్రిల్‌లో అధ్యయనం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ సమయంలో చనిపోయిన పిల్లల మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకుంటుంది. అంత మంచి టీకా మీద కూడా జనానికి అనుమానం మిగిలిపోయింది. తల్లిని కూర్చోబెట్టి ఆవిడ భాషలో చెప్పి ఒప్పించడానికి పట్టే సమయం ఆదా చేయబోతే ఇంత నష్టం.

ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. చదవడం రానివాళ్లకు కాగితం చదివి వినిపించాలి, వేలిముద్ర వేయించేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి. పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతితోపాటు, ఏడేళ్లు దాటిన పిల్లల ఇష్టం కూడా అడగాలి. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి మనిషిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో, అంటే మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీలో, నమోదు చేయాలి.

సమాజ క్షేమం అంటారు కదా, దాన్ని కొలుస్తారా?

కొలిచే ప్రయత్నం చేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు ప్రశ్నల చిన్న జాబితా ఒకటి ఉంది. గత రెండు వారాల్లో మనసు ఉల్లాసంగా ఉందా, నిద్ర లేచాక హాయిగా అనిపించిందా, ఇలా ఉంటాయి. డిప్రెషన్ గుర్తించడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల జాబితా ఉంది. పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లో ఇలాంటి ప్రశ్నలు అడిగి, అవసరమైనవాళ్లను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపే పద్ధతి మీద పరిశోధన జరిగింది.

కానీ మార్కులు వేస్తే సరిపోదు. అప్పు ఎంత ఉంది, కొడుకు ఫోన్ చేస్తున్నాడా, కష్టమొస్తే అర్ధరాత్రి తలుపు తట్టగల ఇల్లు ఊళ్లో ఉందా అని కూడా అడగాలి. పింఛన్ వచ్చే రోజుకీ, అయిపోయిన రోజుకీ ఒకే మనిషి ఇచ్చే జవాబు మారిపోతుంది. సర్వే ఏ తారీఖున చేశారో రాసుకోవడం అందుకే ముఖ్యం.

నాకు లెక్కలంటే భయం. స్టాటిస్టిక్స్ తప్పదా?

తప్పదు. అయితే భయపడేంత ఏమీ లేదు. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దాన్ని మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి. ఫార్ములాలు బట్టీ పట్టనక్కర్లేదు. ఏ ప్రశ్నకు ఏ పరీక్ష వాడాలో, ఎంతమందిని అడిగితే జవాబు నమ్మొచ్చో తెలిస్తే చాలు.

ఉద్యోగం, జీతం సంగతేంటి?

దాచకుండా చెప్తాను. మొదటి కొన్నేళ్లు ఎక్కువమందికి దొరికేవి కాంట్రాక్టు ప్రాజెక్టులే. గ్రాంటు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. పెళ్లి, ఇంటి లోను ఆలోచించే వయసులో ఈ టెన్షన్ చిన్నది కాదు. రెగ్యులర్ పోస్టుల్లో యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 దగ్గర, ఐసీఎంఆర్ సైంటిస్ట్-బి 56,100 దగ్గర మొదలవుతుంది. అలవెన్సులు అదనం. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. వీటితోపాటు జిల్లాల్లో ఎపిడెమియాలజిస్ట్ పోస్టులు, జాతీయ ఆరోగ్య మిషన్, స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. ఇంటిని ఒక్కరే నెట్టుకురావాల్సిన పరిస్థితి ఉంటే, ముందు ఒక స్థిరమైన ఉద్యోగంలో చేరి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేయడం తప్పేమీ కాదు.

పేపర్లు ఎన్ని ఉండాలి?

ప్రమోషన్‌కి లెక్క అడుగుతారు, నిజమే. కానీ 'డబ్బు కట్టండి, మూడు రోజుల్లో వేస్తాం' అని మెయిల్ పెట్టే జర్నల్స్ జోలికి వెళ్లకండి. మంచి జర్నల్స్ ఏవో చెప్పే యూజీసీ కేర్ జాబితా ఇప్పుడు లేదు కాబట్టి జర్నల్ మంచిదో కాదో మీరే తేల్చుకోవాలి. ఎడిటర్లు ఎవరు, వైద్య పేపర్ల ఆన్‌లైన్ సూచిక పబ్‌మెడ్‌లో ఉందా, మీరు నమ్మే పరిశోధకులు అందులో రాస్తున్నారా చూడండి. సర్వే చేసిన ఏఎన్‌ఎం, ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ పని కూడా పేపర్లో గుర్తించండి. వాళ్లు లేకపోతే మీ చేతిలో డేటానే లేదు.

మా అమ్మాయిని ఊళ్ల మీదకి పంపాలంటే భయంగా ఉంది. సురక్షితమేనా?

తల్లిదండ్రుల భయం అర్థం చేసుకోదగ్గదే. మంచి బృందాలు ఒంటరిగా పంపవు. ఇద్దరిద్దరుగా వెళ్తారు, వెంట ఆ ఊరి ఆశా అక్కో అంగన్‌వాడీ టీచరో ఉంటారు, చీకటి పడకముందే తిరిగొస్తారు, బండి ఏర్పాటు ఉంటుంది. చేరే ముందే ఈ నాలుగూ అడగండి. టాయిలెట్ సంగతి కూడా మొహమాటపడకుండా అడగండి, రోజంతా నీళ్లు తాగకుండా తిరిగి యూరిన్ ఇన్ఫెక్షన్లు తెచ్చుకునే అమ్మాయిలు చాలామంది.

అమెరికా వెళ్లి ఎంపీహెచ్ చేస్తే?

చేయొచ్చు. ఆ కోర్సుకు సీఈపీహెచ్ (అక్కడ ప్రజారోగ్య కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉందో లేదో మొదట చూడండి. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కింద లెక్కకొస్తాయి, మామూలు ఎంపీహెచ్ చాలాచోట్ల రాదు. చదువయ్యాక అక్కడ ఎన్నాళ్లు పనిచేయొచ్చన్నది దీని మీదే ఆధారపడుతుంది కాబట్టి, అప్పు చేసేముందే కోర్సు కోడ్ అడిగి తెలుసుకోండి.

చేసిన పనికి ఫలితం ఎన్నాళ్లకు కనిపిస్తుంది?

ఓపిక కావాలి. హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్లలో 1987-90 మధ్య ఎన్ఐఎన్ ఒక ప్రయత్నం చేసింది. సగం ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది, మిగతా ఊళ్లలో ఇంకా అందలేదు. ఆ పిల్లలు టీనేజీకి వచ్చాక 2003-05లో మళ్లీ వెతికి పట్టుకుని కొలిచారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు, గుండె జబ్బుల ముప్పు సూచికలు కొన్ని మెరుగ్గా ఉన్నాయి. అంగన్‌వాడీలో పెట్టిన ఉప్మా ఫలం తెలియడానికి పదిహేనేళ్లు పట్టింది.

గడ్చిరోలి సంగతీ అంతే. ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, పురిటి పసికందుల ఊపిరి లెక్కపెట్టడం, ఇన్ఫెక్షన్ గుర్తించి ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రచురించారు. దేశమంతటా ఆశాలు పురిటి ఇంటికి వెళ్లి బిడ్డను చూసే కార్యక్రమంగా అది 2011లో మారింది.

నేనింకా డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాను. ఇప్పుడు ఏం చేయొచ్చు?

మీ దగ్గర్లోని పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ని అడిగి, ఒక బుధవారం లేదా శనివారం టీకాల రోజున ఏఎన్‌ఎం పక్కన కూర్చోండి. ఎవరు వచ్చారో రిజిస్టర్‌లో ఉంటుంది, ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో ఆవిడ నోటితో వినండి. మీ జిల్లా ఫ్యాక్ట్ షీట్ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, దాన్ని పక్కన పెట్టుకుని ఆవిడ చెప్పింది పోల్చి చూడండి. ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులైతే ఐసీఎంఆర్ ఇచ్చే రెండు నెలల ఎస్‌టీఎస్ ప్రాజెక్టుకు అప్లై చేయండి. ప్రపోజల్ రాయడానికి సీనియర్ల సాయం తీసుకోండి, ప్రశ్న మాత్రం ఆ రిజిస్టర్‌లో రాని పేర్ల నుంచి తెచ్చుకోండి.